బీడు మీద కౌజులు

కౌజు ఎగరదు, ఉరుకుతుంది. మా పత్తికొండ వైపు ఎర్రనేలల్లో వేటకు పోయిన ప్రతివాడూ మొదట నేర్చుకునేది ఇదే. మనిషి అలికిడి కాగానే మెడ సాచి, తల వంచి, గెనిమ వెంబడి రేగుకంపల నీడల్లో పరుగు తీస్తుంది. గెనిమ అయిపోయి, ఇక దాక్కోను చోటు లేదని తేలినప్పుడే బుర్రుమని లేస్తుంది. లేచింది కూడా ఎంతో దూరం పోదు. ఇంకో చేలో దిగి, దిగీ దిగగానే మళ్ళీ పరుగు. అందుకే కౌజు వేటలో తుపాకి పని కంటే కాళ్ళ పని ఎక్కువ. పిట్ట ఏ గెనిమ పట్టుకుని పోతుందో, ఆ గెనిమ ఎక్కడ తెగిపోతుందో తెలిసినవాడికే అది చిక్కేది.

నేను చెప్పేది 1960లు అయిపోయి 70లు మొదలయ్యే నాటి మాట. వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇంకా రాలేదు. లైసెన్సు తుపాకి ఉన్నవాడు బీట్లో పిట్టను కొడితే అడిగేవాళ్ళు మా ఊళ్ళో ఎవరూ లేరు. మా మేనమామకు 12 బోరు ఒంటిగొట్టం తుపాకి ఉండేది. శనగచేలకు అడవిపందుల బెడద ఉందని పంట కాపలాకు తీసుకున్న లైసెన్సు అది. పందుల మీద ఆయన దాన్ని పేల్చడం నేను పెద్దగా చూడలేదు. కోతలు అయిపోయి, మంచు పడే మార్గశిరం, పుష్యం నెలల్లో మాత్రం వారం వారం తెల్లారకముందే దాన్ని భుజాన వేసుకుని బయలుదేరేవాడు. నన్నూ, మా ఊరి పిల్లలు ఇంకొందరినీ వెంట తీసుకుపోయేవాడు.

ఆ నేల ఎలా ఉండేదో ముందు చెప్పాలి. ఇప్పుడు చూసేవాళ్ళకు అది తెలియదు. ఏడాది మొత్తానికి 600 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే సీమ మాది. అన్ని చేలూ అన్ని ఏండ్లూ దున్నేవాళ్ళు కాదు. రెండు మూడేండ్లు కొర్రో, జొన్నో, బుడ్డలో వేసి, తర్వాత నేలను బీడు వదిలేసేవాళ్ళు. అందులో గడ్డి మోకాలెత్తు పెరిగేది. గొర్రెలూ ఎద్దులూ మేసేవి. బీటి చుట్టూ గెనిమలు, గెనిమల మీద రేగు, తంగేడు, బలుసు, అక్కడక్కడ ఒక తుమ్మచెట్టు. కౌజుకు కావలసినవన్నీ అక్కడే ఉన్నాయి. గింజలకు కోసిన కొర్రచేను, పురుగులకు చెదల పుట్ట, గుడ్లకు గడ్డి దుబ్బు, రాత్రి నిద్రకు ముళ్ళ తుమ్మ. నేలమీద బతికే ఈ పిట్ట రాత్రి పూట చెట్టెక్కి పడుకుంటుందని చాలామందికి తెలియదు. పొద్దు గూకే వేళకు ఏ తుమ్మలో చేరిందో చూసి పెట్టుకుంటే, తెల్లారి ఆ చుట్టుపక్కలే కూత వినిపిస్తుంది. ఒక మగది మొదలుపెడితే చాలు, దూరంగా ఇంకొకటి అందుకుంటుంది, దానికి మరొకటి. ఆ కూతలను బట్టి మామ నేలను గీతలు గీసినట్టు పంచి చెప్పేవాడు. ఈ వంక దాకా దీని హద్దు, ఆ గుట్ట కాన్నుంచి ఇంకొకదానిది.

మామ పద్ధతి గట్టిది. పిల్లలం వరసగా, మనిషికీ మనిషికీ నడుమ ఇరవై అడుగుల ఎడం ఉండేట్టు నడవాలి. చేతిలో కట్టె ఉంటుంది, కంపను తట్టాలి, కానీ అరవకూడదు. అరిస్తే పిట్టలు చెదిరి నాలుగు దిక్కులా లేస్తాయి, ఒక్కటీ తుపాకి ముందుకు రాదు. మామ ముందే పోయి గెనిమ తెగే చోట, గాలికి ఎదురుగా నిలబడతాడు. మేము వెనకనుంచి మెల్లగా తోలుకొస్తాం. ఊరి కుక్క ఒకటి, తోక తెగినది, ఎప్పుడూ మా వెంటే. పిట్ట వాసన తగిలిందంటే దాని ఒళ్ళంతా బిగుసుకుపోయేది. ఉరికే పిట్టను మామ ఎన్నడూ కాల్చలేదు. కింద పోయే గుళ్ళు కంపల వెనక ఉన్న పిల్లలకు తగులుతాయని ఒక భయం. నేలమీద ఉన్నదాన్ని కొట్టడం వేటే కాదని ఇంకో పట్టుదల. పిట్ట మనిషి తల దాటి లేవాలి, వెనక ఆకాశం కనపడాలి, అప్పుడే గొట్టం పైకి లేచేది.

ఒక పొద్దున్న జరిగింది నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. ఏడెనిమిది కౌజుల గుంపు ఒకటి మా ముందు గెనిమ వెంబడి ఉరుకుతోంది. చీకటి పూర్తిగా విడవలేదు. కంపల సందుల్లో ఎర్రటి కాళ్ళు మాత్రం మిణుకు మిణుకుమంటున్నాయి. గెనిమ చివరికి వచ్చేసరికి అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఒక్క రెక్క చప్పుడు లేదు. తర్వాత నేల పగిలినట్టు అన్నీ ఒకేసారి లేచాయి. తోకల అంచున ఎర్రటి ఈకలు విచ్చుకున్నాయి. తుపాకి ఒక్కసారే మోగింది. ఒక పిట్ట గాల్లోనే ముడుచుకుపోయి, వచ్చిన ఊపుకు ఇంకొంచెం ముందుకు పోయి, చేను నడుమ పడింది. కుక్క తెచ్చింది. నేను చేతిలోకి తీసుకున్నాను. ఒళ్ళు వెచ్చగా ఉంది. గొంతు కింద లేత పసుపు మచ్చ, దాని చుట్టూ నల్లటి సన్నని చార. రొమ్ము మీద ఈక ఈకకూ అడ్డంగా నేసిన చారలు. కాలికి ముల్లు ఉంది కాబట్టి మగది. కన్ను ఇంకా మూత పడలేదు. మామ దాన్ని నా చేతిలోనుంచి తీసుకుని, ఇంకో పిట్టకు దెబ్బ తగిలిందేమో చూడమన్నాడు. దెబ్బతిన్న పిట్ట దొరక్కుండా ముందుకు పోకూడదన్నది ఆయన మాట. ఆ పొద్దు రేగుకంపలన్నీ గాలించి, ఏదీ లేదని నమ్మకం కుదిరాకే రెండో తూటా వేశాడు.

ఇంటికి తెచ్చాక మా అత్త ఈకలు పీకదు, తోలుతోనే ఒలిచేస్తుంది. ఎండు కొబ్బెర, ధనియాలు, గసగసాలు, ఎర్రగడ్డ కాల్చి రోట్లో నూరి పులుసు పెట్టేది. కౌజు మాంసం తెల్లగా, పీచు లేకుండా, కొంచెం పొడిగా ఉంటుంది. అందుకే పులుసే దానికి సరి. జొన్నరొట్టె తుంచి అందులో నానబెట్టుకుని తినేవాళ్ళం. తినేటప్పుడు సీసపు గుండు పంటికింద పడితే తీసి గోడవార పెట్టాలి. పారేస్తే కోళ్ళు మింగుతాయని అత్త కోప్పడేది.

పిట్టల సంగతి మామకు బాగా తెలుసని నేను అప్పట్లో అనుకునేవాణ్ణి. అసలు తెలిసినవాడు వేరే ఉన్నాడు. ఏడాదికి ఒకసారి, బుడ్డలు పీకిన తర్వాత, పిట్టలు పట్టేవాళ్ళు కొందరు గాడిదల మీద సామాను వేసుకుని వచ్చి ఊరి బయట చింతతోపులో దిగేవాళ్ళు. వాళ్ళలో ముసలాయన్ని మేము పిట్టల తాత అనేవాళ్ళం. ఆయన దగ్గర వెదురుబద్దల గూట్లో, మీద పాత గుడ్డ కప్పి, ఒక మగ కౌజు ఉండేది. రోజూ చెదల పుట్ట తవ్వి దానికి తాజా చెదలు పెట్టేవాడు. తన తిండి సంగతి తర్వాత.

"నువ్వు రా అబ్బయ్యా, అరవకుండా కూసోవాల" అని ఒకరోజు నన్ను తీసుకుపోయాడు. తెల్లారి కూత మొదలయ్యే ముందే బీటి నడుమ గూడు పెట్టాడు. దాని చుట్టూ జానెడు జానెడు ఎడంలో పుల్లలు గుచ్చి, వాటికి గుర్రం వెంట్రుకలతో పేనిన ఉరులు తగిలించాడు. ఉరి మరీ పెద్దదైతే పిట్ట దూరి పోతుంది, చిన్నదైతే తల పట్టదు. ప్రతి ఉరినీ రెండు వేళ్ళతో కొలిచి సరిచేశాడు. గుడ్డ తీసేసి, దూరంగా బలుసుకంప చాటున నన్ను కూచోబెట్టి తాను పక్కన ఒదిగాడు.

గూట్లోది కూసింది. ఆ బీటి మగది వెంటనే బదులిచ్చింది. ఒకటి రెండు మాటలు అక్కణ్ణుంచే అనుకున్నాయి. తర్వాత బయటిది గడ్డిలోనుంచి బయటపడింది. ఒళ్ళంతా ఉబ్బించి, రెక్కలు కిందికి ఈడ్చి, నేరుగా గూటి మీదికే వచ్చింది. మామ తుపాకి ముందు గెనిమ చాటున నక్కి నక్కి పోయే పిట్ట ఇదేనా అనిపించింది. తన హద్దులోకి ఇంకో మగది వచ్చిందన్న కోపంలో దానికి మనిషీ కనపడలేదు, ఉరీ కనపడలేదు. ఒక అడుగు, ఇంకో అడుగు, మెడ ఉరిలో పడింది. తాత పరుగున పోయి, ఊపిరి ఆగకముందే విడిపించి సంచిలో వేసుకున్నాడు. ప్రాణంతో ఉంటేనే సంతలో రేటు. కొందరు కోసుకుని తినేవాళ్ళు, కొందరు పందేలకు పెంచుకునేవాళ్ళు.

ఆ వేటలో నా మనసు పట్టుకున్నది ఉరి కాదు, ఆ చోటు. అంత పెద్ద బీటిలో ఆయన గూడు పెట్టింది రెండు మగపిట్టల హద్దులు కలిసే చోట. ముందురోజు సాయంత్రం తిరిగి, కూతలు విని, దుమ్ములో అడుగులు చూసి ఆ చోటు తేల్చుకున్నాడు. తుపాకి ఉన్న మామకు ఈ ఓపిక లేదు, అవసరమూ లేదు.

పూరేడు పిట్టలనైతే వాళ్ళు రాత్రి పట్టేవాళ్ళు. ఒకాయన లాంతరు ముందుకే వెలుగు పడేట్టు వెనక రేకు కట్టి, చేతిలో గంట పట్టుకుని కోసిన కొర్రచేలో మెల్లగా నడిచేవాడు. గంట ఒకే తీరుగా మోగుతూ ఉంటే అడుగుల చప్పుడు పిట్టకు విడిగా తెలియదు, వెలుగుకు కళ్ళు చెదిరి కదలకుండా ఒదిగిపోతుంది. వెనక వచ్చేవాడు వెదురు చట్రానికి బిగించిన వలను మీద వేస్తాడు. నేను చూసింది తక్కువే, చూసినంతలో నాకు నచ్చలేదు. చేను చేనంతా ఊడ్చేసినట్టు పట్టేవాళ్ళు. మరుసటి సంతలో కాళ్ళు కట్టిన పూరేళ్ళు జతల లెక్కన అమ్ముడుపోయేవి. చట్టం వచ్చి దీన్ని ఆపింది, మంచి పనే చేసింది. ఆ మాట అనడానికి నాకు ఏ సందేహమూ లేదు.

పొలంకల తీరు ఇంకొకటి. ఇవి రాళ్ళ బీట్లలో బతికే పిట్టలు. పొద్దు బారెడెక్కాక గుంపులు గుంపులుగా మా కుంటకు నీళ్ళకు వచ్చేవి. గడియారం చూసుకుని వచ్చినట్టు ఏ రోజుకారోజు అదే వేళ. ముందు మాటలు వినిపిస్తాయి, తర్వాత పిట్టలు కనపడతాయి. కుంట మీద ఒక చుట్టు తిరిగి, నీళ్ళకు దూరంగా దిగి, పొట్టికాళ్ళతో నడిచి వచ్చి, గబగబా నాలుగు గుక్కలు తాగి లేచిపోతాయి. నీళ్ళకు వచ్చినదాన్ని కొట్టకూడదని మామకు పట్టింపు. అందుకని కుంట గట్టు మీద తుపాకి పక్కన పెట్టి ఊరికే చూస్తూ కూర్చునేవాళ్ళం. ఒక ఎండాకాలం అక్కడే తాత కూడా ఉన్నాడు. ఒక మగ పొలంక నీళ్ళలోకి కడుపు మునిగేదాకా దిగింది. ఈకలు విదిలించి, అటూ ఇటూ ఊగి, తాగడం ఎప్పుడో అయిపోయినా బయటికి రాలేదు.

"తానం చేస్తాందా తాతా?" అన్నాను.

"తానం కాదబ్బయ్యా. పిల్లలకు నీళ్ళు మోస్తాండాది. ఆ రొమ్ము ఈకల్లో పట్టుకపోతాది. పిల్లలు వచ్చి చీక్కుంటాయి."

నేను నమ్మలేదు. కాలేజీకి వెళ్ళాక, పక్షుల పుస్తకాలు చేతికి వచ్చాక తెలిసింది. ఇంగ్లండులో మీడ్-వాల్డో అనే ఆయన పెంచుకున్న పొలంకల జాతి పిట్టల్లో ఇది చూసి 1896లో రాశాడు. చాలాకాలం శాస్త్రజ్ఞులు నమ్మలేదు. 1967లో కేడ్, మెక్లీన్ అనే ఇద్దరు ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో పరిశీలించి నిజమేనని నిరూపించారు. మామూలు ఈకల కంటే ఆ రొమ్ము ఈకలు నీళ్ళను ఎన్నో రెట్లు పట్టుకుంటాయి. తాత ఏ పుస్తకమూ చదవలేదు, చదవను రాదు కూడా. కుంట దగ్గర కూర్చున్నాడు, పిట్ట ఎటు పోతుందో వెంబడి పోయి చూశాడు.

1972లో చట్టం వచ్చింది. మా ఊరికి ఆ కబురు అందడానికి కొంతకాలం పట్టింది. మామ తుపాకి దూలానికి ఎక్కింది, లైసెన్సు రెన్యువలు కూడా మానేశాడు. ఆయనకు అది కష్టం కాలేదు, బుడ్డల చేను ఉంది, పాడి ఉంది. తాత వాళ్ళకు వేరే బతుకు లేదు. చింతతోపుకు రెండేండ్లు వచ్చారు, తర్వాత రాలేదు. పట్టుబడినప్పుడు పిట్టలూ పోయేవి, వలలూ పోయేవి, జరిమానా కట్టను డబ్బు ఉండదు. వాళ్ళ పిల్లల్లో ఒకాయన తర్వాత ఆదోనిలో సైకిలు మీద ప్లాస్టిక్ బిందెలు అమ్ముతూ కనిపించాడు. తాత పోయాడని ఆయన చెప్పాడు. వేటను ఆపినవాళ్ళు ఆ మనుషులనే బీళ్ళకు కాపలా పెట్టి జీతం ఇచ్చి ఉండవచ్చు కదా అని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటాను. వాళ్ళకు తెలిసినంత ఆ నేల గురించి తెలిసినవాళ్ళు ఎవరున్నారు?

కడప జిల్లాలో అలాంటిది ఒకటి జరిగింది. కలివికోడి అనే పిట్టను 1848 ప్రాంతంలో జెర్డన్ అనే డాక్టరు లోకానికి చెప్పాడు. 1900 తర్వాత అది ఎవరి కంటా పడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతుకుతున్న భరత్ భూషణ్‌కు దాన్ని దొరికించింది రెడ్డిపల్లె ప్రాంతపు పిట్టలు పట్టే ఐతన్న. రాత్రిపూట వెలుగు పట్టుకుని కలివికంపల నడుమ తిరిగేవాడి పనితనంతోనే అది దొరికింది. అప్పటికి పంతులుగా ఉన్న నేను పేపర్లో ఆ వార్త చదివి ఆ పూట బడిలో పిల్లలకు పాఠం ఆపేసి దాని గురించే చెప్పాను. ఆ పిట్ట కోసం తర్వాత 1988లో లంకమల అభయారణ్యం ఏర్పడింది, ఇంకా తర్వాత తెలుగుగంగ కాలువకు దారి మార్చారు.

అదే 1988లో మా కర్నూలు జిల్లా రోళ్ళపాడు కూడా అభయారణ్యమైంది, అక్కడ బట్టమేక కోసం. ఆ రోజుల్లో వానాకాలం మిత్రులతో పోయి చూశాను. నడుమెత్తు పక్షి, పదిహేను కిలోల దాకా తూగేది, గడ్డిలో ఎవరికీ భయపడనట్టు నడుస్తోంది. ఏడాదికి ఒకటే గుడ్డు పెడుతుందని చెప్పారు. నేలనెమలి అనే ఇంకో పిట్ట, మగది, గడ్డిలోనుంచి ఉన్నట్టుండి పైకి ఎగిరి, మళ్ళీ గడ్డిలో పడిపోతోంది. ఒకసారి కాదు, మేమున్నంతసేపూ. అక్కడ వేట నిషిద్ధం. అయినా బట్టమేక నిలవలేదు. శ్రీశైలం కుడి బ్రాంచి కాలువ వచ్చింది, చుట్టూ మెట్టచేలు మారిపోయాయి, బీళ్ళు దున్నకంలోకి పోయాయి. ఇప్పుడు అక్కడికి పోతే కృష్ణజింకలు కనిపిస్తాయి.

మా ఊళ్ళో కౌజు ఇంకా ఉంది. చట్టం కాపాడింది, తన మొండితనం కాపాడింది. కానీ బీళ్ళు పోయాయి. రెవెన్యూ లెక్కల్లో మా గడ్డినేలలన్నీ బంజర్లు. ఎవరికీ పనికిరానివి కాబట్టి ఎవరికైనా ఇవ్వవచ్చు. కొన్ని పట్టాలయ్యాయి, కొన్ని జామాయిల్ తోటలయ్యాయి. అప్పటి మా కర్నూలు జిల్లాలోనే గని, శకునాల దగ్గర దాదాపు ఆరువేల ఎకరాల్లో 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. కరెంటు వద్దని నేను అనను. ఆ నేల ఖాళీగా ఉండిందని చెబితే మాత్రం ఒప్పుకోను. మామతో ఏ గెనిమ వెంబడి నడిచినా అది ఖాళీ అని మాకు ఒక్కనాడూ అనిపించలేదు. ప్రతి కంపకూ ఒక పిట్ట ఉండేది, ప్రతి పిట్టకూ ఒక హద్దు ఉండేది.

మా ఊరి గుట్ట కింద ఊరుమ్మడి బీడు ఒకటి మిగిలింది. దాన్ని కంపెనీకి కౌలుకు ఇద్దామని పోయిన ఏడు మాట వచ్చింది. గొర్లకాపర్లను కూడగట్టుకుని గ్రామసభకు పోయాను. మేతబీడుగానే ఉంచాలని, వేసవిలో గెనిమలకు నిప్పు పెట్టకూడదని అర్జీ రాసి ఇచ్చాను. కౌజుల మాట అందులో రాయలేదు, గొర్ల మాటే రాశాను, వినేది దానికే కాబట్టి. సర్పంచు తీసుకున్నాడు, తీర్మానం ఇంకా కాలేదు. వచ్చే సభ దసరా తర్వాత అంటున్నారు. కాపర్లు ఈసారి ఇంకా ఎక్కువ మంది వస్తామన్నారు.